చప్పుడు ఆగితే వచ్చే భయం

మూడు నెలలుగా మాత్ర వేసుకోకుండానే నిద్రపోతున్నాను. ఆ ధైర్యంతోనే ఇది రాయడానికి కూర్చున్నాను. జబ్బు నడిమధ్యలో ఉన్నప్పుడు నా చేతికి పెన్ను ఇచ్చి ఉంటే నా పేరు కూడా వంకర పోయేది. ఇది కొంత నా కోసం. కొంత, ఏమైందో తెలియక గుండె డాక్టరు దగ్గరికీ గుడికీ తిరుగుతున్న నాలాంటి వాళ్ల కోసం.

నా పేరు రజిత. కోరుట్లలో ఒక ప్రైవేటు స్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. పుట్టింది సిరిసిల్లలో, సాంచాల ఇంట్లో. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. మా ఆయన రమేశ్‌కు రంగుల దుకాణం ఉంది. మాకు ఒక్కతే బిడ్డ, అక్షర. ఇంటర్ మొదటి సంవత్సరం. అత్తమ్మ మాతోనే ఉంటుంది.

కిందటి జూలైలో ఒక పొద్దున అక్షరను స్కూటీ మీద కాలేజీకి తీసుకుపోతున్నాను. ఇంకో రెండు మలుపులు తిరిగితే కాలేజీ. వెనక నుంచి "మమ్మీ" అని సగం మాట వినపడింది. చున్నీ కొస వెనక చక్రంలో చుట్టుకుంది. బ్రేకు గట్టిగా పట్టాను. బండి ఒరిగి, ఇంజన్ ఆగి, ఇద్దరం కింద పడ్డాం. పిల్ల మెడ చుట్టూ చున్నీ బిగుసుకుపోయింది. పక్కన కొబ్బరి బోండాలు అమ్మే ఆయన పరుగెత్తుకొచ్చి బోండాలు కొట్టే కత్తితో చున్నీ కోసేశాడు.

"ఏం గాలే తల్లీ, ఏం గాలే. లెవ్వుండ్రి. ముందుగాల నీళ్లు తాగుండ్రి," అంటూ ఒక బోండాం కొట్టి అక్షర చేతిలో పెట్టాడు.

నిజంగానే ఏమీ కాలేదు. పిల్ల మెడ మీద ఒక ఎర్రటి గీత, నా మోకాలు దోక్కుపోవడం, అంతే. వారం తిరక్కుండా రెండూ మానిపోయాయి. కానీ ఆ రోజు ఇంజన్ ఆగిన క్షణంలో నాకు రోడ్డు మీద చప్పుళ్లేవీ వినపడలేదు. ఆ నిశ్శబ్దంలో మిషను నూనె వాసన, వేడి చాయ్ వాసన కలిసి వచ్చాయి. ఆ రోడ్డు మీద మిషనూ లేదు, చాయ్ కొట్టూ లేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అదేమంత విషయం అనిపించలేదు.

ఆగస్టు మొదటి వారంలో, స్కూలు నుంచి వచ్చి మంచం మీద నడుం వాల్చాను. కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాయి. అవి ఆగేసరికి నా ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. చేతులు చల్లబడ్డాయి. నోరు తెరిచినా గాలి లోపలికి పోవడం లేదు. పోతున్నాననే అనుకున్నాను. అత్తమ్మ కేకలు విని పక్కింటివాళ్లు ఆటో పిలిచారు.

ఆ నెల రోజుల్లో జగిత్యాలలో గుండె డాక్టరు దగ్గరికి మూడుసార్లు వెళ్లాం. ప్రతిసారీ అవే ఇనుప కుర్చీలు, గోడ మీద అదే ఎర్రటి గుండె బొమ్మ. క్లాసులో నేను పిల్లలకు గీసి చూపించే బొమ్మ అది. దాని కింద కూర్చుని నా నాడి నేనే లెక్కపెట్టుకునేదాన్ని. ఒకసారి కొడిమ్యాల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. తనకు గుండె ఆపరేషను అయింది. నేను నాడి లెక్కపెట్టుకోవడం చూసి, బత్తాయి ఒలిచి సగం నా ఒళ్లో పెట్టింది.

"తిను బిడ్డా. నాది కోసిండ్రు, కుట్టిండ్రు, అయినా తిరుగుతున్న. నువ్వింక పడుసుదానివి," అంది.

డాక్టరు అన్ని పరీక్షలూ చూసి, "మీ గుండె మంచిగుందమ్మా. మనసుల డాక్టరుకు ఒకసారి చూపించుకోండి," అని ఒక చీటీ రాసిచ్చాడు. బయటికి రాగానే రమేశ్ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మళ్లీ దాని మాట ఎత్తలేదు.

సెప్టెంబరు అన్నిటికంటే చెడ్డ నెల. స్కూటీ తాళం అలమారలో దాచాను. అక్షర ఆటోలో వెళ్లి ఆటోలో రావాలి. పది నిమిషాలు ఆలస్యమైతే వీధి చివర నిలబడేదాన్ని. ఫ్రెండ్ బండెక్కిందని తెలిస్తే ఇంట్లో యుద్ధమే. ఒక పొద్దున అది కాలేజీకి తయారై, చున్నీ వేసుకుని అద్దం ముందు నిలబడింది. కొస వెనక వేలాడుతోంది. ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. కుట్టుమిషను మీద కత్తెర తీసుకుని, అది వేసుకుని ఉండగానే చున్నీని రెండు వైపులా కత్తిరించేశాను.

అక్షర అరవలేదు. అద్దంలోంచి నన్ను చూసింది. "మమ్మీ, నాకు నిన్ను చూస్తే భయమైతుంది," అంది. ముక్కలైన చున్నీ తీసి కుర్చీ మీద పెట్టి, వేరేది వేసుకోకుండానే వెళ్లిపోయింది.

ఆ మాట నా ఛాతీ నొప్పికంటే ఎక్కువ బాధ పెట్టింది. చక్రంలో చున్నీ చుట్టుకున్న పిల్ల మర్నాడే నవ్వుకుంటూ కాలేజీకి పోయింది. దానికి కొత్తగా భయం నేర్పుతున్నది నేనే.

రమేశ్‌కు ఓపిక అయిపోతోంది. "పిల్లకేం గాలే, నీకేం గాలే. ఇంక దేనికి రజితా గిదంత?" అని అడిగేవాడు. చెడ్డవాడని కాదు. కరెంటు పోతే నాకు ఇబ్బంది అవుతోందని అత్తమ్మ అన్న మరుసటి రోజే ఇన్వర్టరు తెచ్చి బిగించాడు. తనకు తెలిసిన వైద్యం అది.

అత్తమ్మకు తెలిసిన వైద్యం వేములవాడ గుడి. కోడెను కడతానని మొక్కుకుంది. ఒక సోమవారం రమేశ్, అత్తమ్మ, నేను ముగ్గురం వెళ్లాం. వరసలో నిలబడి, కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిరిగాం. ఆ ఎద్దు చాలా సాధువు. దాని మెడ మీద చెయ్యి వేసి నడుస్తున్నంతసేపూ నా ఊపిరి సరిగ్గా ఆడింది. ఆ గంట నాకు మేలు చేసింది. కానీ లాడ్జి గదిలో బట్టలు మార్చుకుంటుండగా కరెంటు పోయి, మళ్లీ అదే.

ఈసారి అత్తమ్మ కేకలు వేయలేదు. తగ్గేదాకా నా వీపు రాస్తూ కూర్చుని, తర్వాత అంది:

"బిడ్డా, ఒకమాట జెప్త, ఏమనుకోకు. నీకు ఊకెనే వస్తలేదు గది. సప్పుడు ఆగితెనే వస్తుంది. ఫ్యాను ఆగినప్పుడు వచ్చింది. మొన్న మిక్సీ బందు వెడితె గూడ నీ మొఖం తెల్లగైంది. నేను పది రోజుల సంది చూస్తున్న."

మూడుసార్లు చేసిన పరీక్షల్లో దొరకనిది, చదువు రాని మా అత్తమ్మ కళ్లకు దొరికింది. ఆ గదిలో, మంచం అంచు మీద కూర్చుని, నూనె వాసనా చాయ్ వాసనా ఎక్కడివో నాకు తెలిసిపోయింది. అవి ఇరవై తొమ్మిదేళ్ల కిందటివి.

ఇంటికి వచ్చాక అత్తమ్మే కొడుకును అడిగింది, ఆ చీటీ ఏదని.

"జగిత్యాల్ల మనల్ని ఎరుకున్నోళ్లు ఎంతమంది ఉన్నరే అమ్మా? పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిండ్రంటరు. రేపు పిల్లకు సంబంధం జూస్తె ఏం జెప్పాలె?"

"నా మోకాలుకు నేను డాక్టరు తాన పోతలేనా? గది మోకాలు, గిది తలకాయ. రెండూ పెయ్యే గదరా, ఒక్క ఒళ్లే గద. తియ్యి చీటీ," అంది అత్తమ్మ.

దసరా సెలవుల్లో వెళ్లాం. ఆ వెయిటింగ్ హాలు గుండె ఆసుపత్రి లాంటిది కాదు. ఎవరూ ఎవరినీ చూడరు. ఆడవాళ్లు కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చున్నారు. రమేశ్ లోపలికి రానేలేదు, మెట్ల దగ్గర ఫోను చూస్తూ నిలబడ్డాడు. అక్కడ కాంపౌండరు ఎవరినీ పేరు పెట్టి పిలవడు. దగ్గరికి వచ్చి, కొంచెం వంగి, నంబరు మెల్లగా చెప్తాడు. ఎవరు నేర్పారో గానీ, అంత మర్యాద నేను ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు.

డాక్టరు నా వయసు ఆవిడే. "చప్పుడు ఆగితే మీకు ఏం గుర్తొస్తుంది?" అని అడిగింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. చెప్పాను.

నాకు పదకొండేళ్లు. సిరిసిల్లలో మా బాపు, అంటే నాన్న, ఆయన తమ్ముడు చిన్నబాపు కలిసి ఎనిమిది సాంచాల కార్ఖానా నడిపేవారు. చిన్నబాపు భార్య చిన్నమ్మ ఆ షెడ్డులోనే ఒక మూల మోటారు మిషను మీద నూలు కండెలు చుట్టేది. రోజూ బడి నుంచి వచ్చి చాయ్ కెటిల్ తీసుకుపోవడం నా పని. ఆ రోజు కెటిల్ పట్టుకుని గుమ్మం లోపల నిలబడ్డాను. చిన్నమ్మ కొంగు మోటారు బెల్టులో పడింది. కొంగుతోపాటు మనిషి వంగిపోయింది, కుడిచెయ్యి లోపలికి పోయింది. సాంచాల చప్పుడులో ఆమె అరుపు వినపడలేదు, తెరిచిన నోరు కనపడింది. ఆమె నా వైపే చూసింది. మెయిన్ స్విచ్చు నా భుజం పక్కనే ఉంది. అందుతుంది కూడా. నేను కదల్లేదు. ఎంతసేపో తెలియదు. అవతలి వరస నుంచి బాపు చూసి, ఉరికొచ్చి స్విచ్చు దించాడు. ఎనిమిది సాంచాలూ ఒక్కసారే ఆగాయి. ఆ నిశ్శబ్దంలోనే చిన్నమ్మ అరుపు మొదటిసారి విన్నాను.

ఆమె బతికింది. కుడిచెయ్యి మోచేతి కింది నుంచి పనికి రాకుండా పోయింది. చిన్నబాపు ఆమెను తీసుకుని బోయినపల్లిలో ఆమె పుట్టింటి పొలం చేసుకోవడానికి వెళ్లిపోయాడు. నేను నిలబడి చూశానని ఇంట్లో ఎవరూ అనలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. పెళ్లిళ్లలో చిన్నమ్మ కనపడితే కాళ్లకు మొక్కి, ఏదో పని ఉన్నట్టు పక్కకు తప్పుకునేదాన్ని. ఇన్నేళ్లూ అలాగే గడిచింది. నేను దాన్ని మరిచిపోయాననే అనుకున్నాను.

డాక్టరు అంతా విని, "మీరు జీవశాస్త్రం టీచరు కదా, సగం మీకే తెలిసుంటుంది," అని మొదలుపెట్టింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మెదడు జరిగినదాన్ని ఒక్కదాన్నే దాచిపెట్టదట. చుట్టూ ఉన్న వాసన, వెలుతురు, చప్పుడు అన్నీ కలిపి మూటగట్టి పెడుతుంది. తర్వాత ఎప్పుడైనా ఆ మూటలోది ఒక్క పోగు తగిలినా మొత్తం ఊడిపడుతుంది. మెదడు లోపల బాదంగింజంత భాగం, అమిగ్డలా, ముందు గంట కొడుతుంది. 'ఇది ఇప్పటిది కాదు, పాతది' అని చెప్పాల్సిన నుదుటి వెనకున్న భాగం ఆలస్యంగా లేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ జ్ఞాపకం పోదు, మెదడులో చోటు మార్చుకుంటూ లోతుకు దిగుతుంది. స్కూటీ ఆగినప్పుడు ఒకే క్షణంలో మూడు పోగులు తగిలాయి: బట్ట బిగుసుకోవడం, మన మనిషి ఆపదలో ఉండటం, ఇంజన్ ఆగిన నిశ్శబ్దం.

"దీన్ని చెరిపేసే మందు ఉందా?" అని అడిగాను.

"లేదమ్మా, అబద్ధం చెప్పను. ఇందులో మాకు తెలియనిది కూడా చాలా ఉంది. కానీ పాతదాని పక్కన కొత్తది రాయొచ్చు. చప్పుడు ఆగింది, ఏమీ కాలేదు. మళ్లీ ఆగింది, మళ్లీ ఏమీ కాలేదు. మెదడుకు ఇది చెప్తే చాలదు, చూపించాలి. ఒక్కచోట కాదు, అన్నిచోట్లా చూపించాలి. ఇంకొకటి, జ్ఞాపకాన్ని బయటికి తీసిన ప్రతిసారీ మెదడు దాన్ని మళ్లీ సర్ది లోపల పెడుతుంది. ఒంటరిగా తీస్తే భయంతోనే సర్దుతుంది. పక్కన నమ్మకమైన మనిషి ఉంటే ఆ మనిషి కూడా అందులో చేరుతుంది."

ఇన్వర్టరు సంగతి చెప్తే నవ్వింది. "మంచి మనిషి మీ ఆయన. కానీ ఆ ఇన్వర్టరు మీ జబ్బుకు మూడు పూటలా అన్నం పెడుతోంది. బందు పెట్టండి." కొన్ని నెలలకు మాత్రలు రాసింది. రెండోసారి వెళ్లినప్పుడు రమేశ్ మెట్ల దగ్గర ఆగలేదు. లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బయటికి వచ్చాం. బండి తీస్తూ, "గింత మనసుల పెట్టుకొని ఎట్ల తిరిగినవ్ రజితా ఇన్నొద్దులు?" అన్నాడు.

నవంబరు, డిసెంబరు మా ఇంట్లో వైద్యం నడిచింది. డాక్టరమ్మ చెప్పిన పద్ధతిలో నర్సు పని అత్తమ్మది. రోజూ సాయంత్రం నేను మంచం మీద కూర్చుంటాను. చలికాలం అయినా ఫ్యాను తిరగాల్సిందే. అత్తమ్మ శాలువా కప్పుకుని స్విచ్చు బోర్డు దగ్గర కుర్చీ వేసుకుంటుంది.

"ఆపన్నా?"

"ఆగు అత్తమ్మా... ఆ, ఇప్పుడు ఆపు."

టక్. ఫ్యాను ఆగుతుంది. గుండె ఉరుకుతుంది. నేను పారిపోకూడదు, కళ్లు మూసుకోకూడదు. భయం పైకి ఎక్కి, దానంతటదే దిగేదాకా కూర్చోవాలి. మొదటిరోజు దిగడానికి అరగంట పట్టింది. ఏడ్చాను. నాతోపాటు అత్తమ్మా ఏడ్చింది. "నేను చెయ్యనిగ గీ పని, నిన్ను సతాయించినట్టున్నది," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. మర్నాడు మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. నెల గడిచేసరికి చెప్పకుండా కూడా ఆపేది. ఒకసారి నేను నోట్సు దిద్దుతూ ఫ్యాను ఆగిన సంగతే గమనించలేదు. అత్తమ్మ వంటింట్లోకి పోయి అక్షరతో గుసగుసగా చెప్పడం విన్నాను: "మీ అమ్మకు ఎరుకనే గాలే!" ఇద్దరూ నవ్వారు. అక్షర ఇంట్లో నవ్వడం విని ఎన్నాళ్లయిందో.

కానీ చిన్నమ్మ మిగిలి ఉంది. జనవరిలో ఒక ఆదివారం రమేశ్ నన్ను బోయినపల్లి తీసుకుపోయాడు. చిన్నమ్మ ఇంటి ముందు ఎడమచేత్తో ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తోంది. కాయను కుడిమోచేతితో అదిమిపెట్టి, ఎడమచేత్తో తుంపుతోంది. నన్ను చూసి లేవబోయింది. నేను ఆమె ముందు నేల మీద కూర్చుండిపోయాను. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ పోయాయి. ఒక్కటే వచ్చింది.

"చిన్నమ్మా, స్విచ్చు నా పక్కనే ఉండె. నేను బందు వెట్టలే."

ఆమె కాయలు పక్కన పెట్టింది. చేతికి అంటిన కారం కొంగుకు తుడుచుకుంది.

"ఎరుకే బిడ్డా. నిన్నే చూస్తున్న గద అప్పుడు. లంగా ఓణి ఏసుకొని ఉన్నవ్. నీ ఓణి కొస నేల మీదికి జారి ఉన్నది. గీ పొల్ల నన్ను గుంజుదామని ఉరికొస్తదేమో, దాని ఓణి గూడ బెల్టుల పడ్తదేమో అని ఒక్కటే భయం నాకు. రాకు రాకు అని మొత్తుకున్న. నీకు ఇనవడలే గానీ, నువ్వు రాలే. నా మొర దేవుడు ఇన్నడు."

"అది కాదు చిన్నమ్మా, నాకు చెయ్యి అందేది..."

"అందేదేమో. పదకొండేండ్ల పొల్లవు నువ్వు. పెద్దోళ్లు గా బెల్టుకు అడ్డం చెక్క పెట్టలే. గది ఎవ్వలు అడగరు. నువ్వు మోస్తున్నవా గిన్నేండ్లు?"

ఆమె ఎడమచెయ్యి నా తల మీద పెట్టింది. ఆ చేతి కారం నా కళ్లలో పడి మండింది. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. డాక్టరు చెప్పింది నిజమే, జరిగింది మారలేదు. నేను నిలబడిపోయాను, చిన్నమ్మ చెయ్యి పోయింది. ఇన్నాళ్లూ నన్ను నిలదీస్తున్నాయనుకున్న ఆ కళ్లు మాత్రం నన్ను దూరంగా ఉండమని బతిమాలిన కళ్లు.

ఫిబ్రవరిలో డాక్టరు చెప్పిన ఆఖరి పని, సాంచాల దగ్గరికి వెళ్లడం. చిన్నమ్మకు ఫోను చేస్తే, తనూ వస్తానంది. సిరిసిల్లలో మా చుట్టాల కార్ఖానాకు మధ్యాహ్నం వెళ్లాం. గుమ్మం దగ్గర చిన్నమ్మ ఆగిపోయింది. "నేను గూడ ఇరవై తొమ్మిదేండ్లాయె ఇందుల కాలు వెట్టక," అంది. ఆ సంగతి నాకు తెలియదు. భయం నాదొక్కదానిదే అనుకుంటూ పెరిగాను. లోపల సాంచాలు మోగుతున్నాయి, మాట వినపడదు. ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టాను. అన్నాల వేళకు ఒకాయన స్విచ్చు దించాడు. అన్నీ ఆగాయి. నా గుండె ఎగిరింది. చిన్నమ్మ వేళ్లు నా చేతిలో బిగుసుకున్నాయి. "చిన్నమ్మా, ఊపిరి మెల్లగ వదులు. ఇంకా మెల్లగ. నేనున్న," అంటున్నాను నేను. ఆమెకు చెప్తూ ఉంటే నాకు ఎప్పుడు తగ్గిందో గమనించలేదు. పనివాళ్లు టిఫిను డబ్బాలు విప్పి, మాకూ ఇంత పప్పన్నం పెట్టారు.

పూర్తిగా పోయిందని చెప్పను. మబ్బు పట్టి గాలి ఆగిన రోజుల్లో ఇంకా కొంచెం గుబులుగా ఉంటుంది. అక్షర స్కూటీ నేర్చుకుంది. చున్నీ రెండు కొసలూ ముందుకు తెచ్చి ముడి వేసుకుంటుంది. నేను గుమ్మంలో నిలబడను, వంటింట్లోనే ఉంటాను. దానికి చాలా కష్టపడాల్సి వస్తోంది. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, 'ఏం కాలేదు కదా' అనకండి. ఎప్పుడు వస్తోందో పక్కన కూర్చుని చూడండి. తలకాయ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మేము వృథా చేసిన నెలలు మీరు చేయకండి.

పోయిన వారం ఎనిమిదో తరగతిలో పాఠం చెప్తుండగా కరెంటు పోయింది. మూడు ఫ్యాన్లు ఒకేసారి ఆగాయి. నా చేతిలో చాక్‌పీసు ఆగింది. ముందు బెంచీ పిల్ల, "ఏమైంది టీచర్?" అంది. ఇదివరకైతే నీళ్లు తాగే నెపంతో బయటికి పోయేదాన్ని.

"భయమేసింది. ఒక్క నిమిషంలో పోతుంది, ఆగుదాం," అన్నాను.

పిల్లలు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఒకడు తనకు కుక్కలంటే భయమన్నాడు. ఇంకొకతి లిఫ్టు అంది. ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు, గోల గోలగా, పోటీ పడి. కరెంటు వచ్చింది, ఫ్యాన్లు తిరిగాయి, పీరియడు గంట కూడా కొట్టేశారు. అందరూ బయటికి ఉరికారు. ఆఖరి బెంచీలో ఒక పిల్ల మాత్రం పుస్తకాలు సర్దుతున్నట్టు తల వంచుకుని కూర్చుంది.

"టీచర్," అంది మెల్లగా, "నాకు మా బాపు బండి ఇంటి ముందు ఆగిన సప్పుడంటె భయం."

తర్వాతి క్లాసు టీచరు గుమ్మంలోకి వచ్చింది. ఆమెకు చేత్తో కొంచెం ఆగమని చెప్పి, వెళ్లి ఆ పిల్ల పక్కన బెంచీలో కూర్చున్నాను.